నలభై నీలం చొక్కాలు

పదకొండు రోజులుగా ఆ సీసా చుక్కల బాబాయి పనిముట్ల పెట్టెలో, స్పాంజి అడుగున, సీలు తీయకుండానే ఉంది. బొటనవేలంత సీసా, నిండా నీలం రంగు. ఇంట్లో ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక ఆయన దాన్ని బయటికి తీసేవాడు. కిటికీ వెలుగుకు పట్టి, ఒక పక్కకు వంచి, లోపలి రంగు సీసా గోడ వెంబడి మీగడలా బరువుగా జారడం చూసేవాడు. చూసి, మళ్లీ ఉన్నచోటనే పెట్టి, పైన స్పాంజి కప్పేవాడు. ఆ సీసా ఆయనది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆయన భార్యకూ తెలుసు. తెలియనిది మ్యూజియం మేడమ్‌కు మాత్రమే.

ఆయన ఉద్యోగం లాండ్రీలో, మరకల బల్ల దగ్గర. సిరా, తుప్పు, నూనె, రక్తం, ఏ మరకకు ఏ మందు, ఎన్ని చుక్కలు అన్నది ఇరవై మూడేళ్లుగా ఆయన వేళ్లకు అలవాటైన విద్య. ఒక చుక్క తక్కువైతే మరక పోదు, ఎక్కువైతే బట్ట పోతుంది. అలా చుక్కలు లెక్కపెట్టీ పెట్టీ లాండ్రీలో చుక్కల బాబాయి అయ్యాడు. ఆ పేరు ఇంటిదాకా వచ్చి స్థిరపడింది. భార్య ఎవరికీ పిన్ని కాకపోయినా వీధి అంతటికీ పిన్ని అయింది.

బొమ్మల పిచ్చి ఆయనకు ఎక్కడినుంచో రాలేదు, ఒక కోటు జేబులోంచి వచ్చింది. ఎవరో ఉతకడానికి ఇచ్చిన కోటులో అంగుళం ఎత్తున్న, సీసం లోహంతో పోసిన డప్పుగాడి బొమ్మ దొరికింది. రంగు సగం రాలిపోయి, డప్పు మీద ఒక పుల్ల విరిగి ఉంది. కోటు తీసుకెళ్లినాయన బొమ్మ తనది కాదన్నాడు. ఏడాదిపాటు అది దొరికిన వస్తువుల సొరుగులో పడి ఉంది. ఆ తర్వాత యజమాని, "ఎవరూ రారు గానీ, నువ్వే ఉంచుకో" అని ఆయన చేతిలో పెట్టాడు. బాబాయి దానికి మరకలు తీసే సన్నని కుంచెతోనే ఎర్ర కోటు వేశాడు. కోటుకు ఆరు గుండీలు, ఒక్కొక్కటి ఆవగింజలో పదోవంతు. ఆరో గుండీ పెట్టేసరికి ఊపిరి బిగబట్టి ఉన్నానన్న సంగతి గుర్తొచ్చి గట్టిగా వదిలాడు. ఆ రోజు మొదలు ప్రతి ఆదివారం ఇంట్లో బొమ్మల బల్ల ముందే తెల్లవారింది.

అసలు చిక్కు రంగుల దగ్గర వచ్చింది. ఇలాంటి బొమ్మలకని ప్రత్యేకంగా తయారయ్యే రంగులున్నాయి. వాటిలోని రంగుపొడి పట్టులా మెత్తగా నూరి ఉంటుంది, పలుచగా వేసినా అడుగును కప్పేస్తుంది. ఒక్క చిన్న సీసా ధర ఆయన రోజు జీతంలో సగానికి తక్కువ ఉండదు. ఒక బొమ్మకు పది రంగులు కావాలి. బాబాయి ఆ దుకాణంలోకి ఒకసారి వెళ్లి, అద్దాల బీరువా ముందు పావుగంట నిలబడి, ఒక్క నల్లరంగు మాత్రం కొనుక్కొని బయటపడ్డాడు. తక్కిన రంగులన్నీ తనే పుట్టించుకోవాలని ఆ దుకాణం మెట్ల మీదే తీర్మానించుకున్నాడు.

పుట్టించుకున్నాడు కూడా. పిల్లలు అట్టలకు పూసుకునే చవక రంగు కొని, అందులోని గరుకును పిన్ని పాత మేజోడులో వడకట్టేవాడు. వాడేసిన కంటిమందు సీసాలను వేడినీళ్లతో కడిగి, వాటిలో ఆ రంగు పోసి, కదిపినప్పుడు కలిసేందుకు సైకిలు చక్రంలోని చిన్న ఇనుప గుండు ఒకటి వేసేవాడు. చదునైన టిఫిన్ డబ్బాలో గిన్నెలు తోమే స్పాంజి పరిచి, నీళ్లతో తడిపి, దానిమీద బటర్ పేపర్ వేస్తే, ఆ కాగితం మీద పెట్టిన రంగు మూడు రోజులైనా ఎండేది కాదు. నాలుగు రంగులనుంచి నూట ఇరవై రంగులు తీశాడు. ప్రతిదానికీ చుక్కల లెక్క రాసిన పుస్తకం ఉంది: "తుప్పు పట్టిన కత్తి: గోధుమ 3, ఎరుపు 1, నలుపు సూదిమొన." పుస్తకం అంచునిండా ఆ రంగుల వేలిముద్రలు.

పిన్ని ఇంట్లోనే మిషన్ పెట్టుకొని పాత బట్టలకు జిప్పులు మార్చడం, పొడవు తగ్గించడం చేస్తుంది. ఆమె తమ్ముడికి గోడరంగుల కొట్టు ఉంది. ఎవరికో రంగు తప్పు కలిసి, వాళ్లు వద్దని వదిలేసిన డబ్బాలు ఆ కొట్టు వెనక గదిలో వరసగా ఉంటాయి. బాబాయికి ఆ గది ఒక ఖజానా.

"ఏం బావా, మళ్లీ వచ్చావా ముష్టికి?" అనేవాడు బావమరిది.

"ముష్టి కాదురా, నీ చెత్త ఎత్తిపోస్తున్నా. నువ్వే నాకు కూలివ్వాలి."

"గోడలకేసే రంగు మనుషులకేస్తున్నావ్. వానొస్తే కారుతుందా, పెచ్చులూడుతుందా?"

"నీ గోడలే పెచ్చులూడతాయి. నా మనుషులు అలాంటోళ్లు కాదు."

వీళ్లిద్దరూ ఇలా ఆడుకుంటూనే ఉండగా, ఒకరోజు నీటి సరఫరా శాఖ మ్యూజియం చూసుకునే ఆఫీసరమ్మ లాండ్రీకి వచ్చింది. కాగితంలో చుట్టిన ఒక పాత నీలం చొక్కా బల్లమీద పెట్టింది. డెబ్భై ఏళ్ల కిందటి పంపుహౌస్ కార్మికుడిది, ఆ కాలపు చొక్కాల్లో మిగిలింది అదొక్కటే. వీపుమీద అరచేయంత తుప్పు మరక. నీలానికి దెబ్బ తగలకుండా మరక పోవాలి. బాబాయి నాలుగు రోజులు తీసుకున్నాడు. నాలుగో రోజు ఆమె వచ్చి చొక్కాను అటూ ఇటూ తిప్పి చూసి, తర్వాత బల్ల మూలన నిలబడి ఉన్న డప్పుగాడిని చూసింది.

"ఇది ఎవరు వేశారండీ?"

అలా వచ్చింది ఆ పని. పట్టణానికి మొట్టమొదటి పంపుహౌస్ కట్టిన దృశ్యాన్ని మ్యూజియంలో అద్దాల పెట్టెలో నిలబెడుతున్నారు. తవ్విన కందకం, ఇనుప చక్రం, గొట్టాలు, నలభైమంది కార్మికులు. నలభైమందికీ అదే నీలం చొక్కా. బొమ్మలు వచ్చేశాయి, రంగు వేసే చెయ్యే కావాలి. కమిటీకి నచ్చితే పెట్టె అక్కడ శాశ్వతంగా ఉంటుంది. నచ్చకపోతే తయారుబొమ్మలు తెప్పించి పెడతారు, ఇవి డబ్బాలోకి పోతాయి. బాబాయి అప్పటిదాకా వేసిన మూడు వందల బొమ్మల్లో ఈ డప్పుగాడు తప్ప ఒక్కటి కూడా తన గది దాటి బయట నిలబడలేదు. మేడమ్ ఆ చొక్కాకు సరిగ్గా కుదిరే రంగును వెతికించి తెప్పించింది. రెండు సీసాలు, సీలుతో.

మొదటి సీసా తెరిచినప్పుడు ఆయనకు తను ఇన్నేళ్లు వేసింది రంగేనా అనిపించింది. ఒక్క పూతకే చొక్కా చొక్కా అయి కూర్చుంది. ఇరవై రెండో బొమ్మ దగ్గర ఆ సీసా అయిపోయింది. రెండోది చేతిలోకి తీసుకున్నాడు. గోటితో సీలు అంచు పట్టుకొని, అలాగే ఆగిపోయాడు. తనకంటూ ఇలాంటి సీసా, నిండుది, ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. నీలం అయితే తను కలపగలడు. ఏ నీలమైనా. అందుకు ఇన్నేళ్ల పుస్తకమే సాక్ష్యం.

బావమరిది కొట్టునుంచి తెచ్చిన ఒక నీలం డబ్బా ఉంది. ఎవరో పిల్లల గదికని కలిపించుకొని వద్దనుకున్నది. దానికి ఊదా రెండు, నలుపు సూదిమొన. ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాడు, కిటికీ దగ్గర ఎండలో చూశాడు, ఎండిన తర్వాత మళ్లీ చూశాడు. పాతదానికీ కొత్తదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. మిగతా పద్దెనిమిది చొక్కాలూ దానితోనే వేశాడు.

పిన్ని కన్ను కత్తెర కంటే పదును. "ఆ రెండోది తెరవలేదేం?"

"అవసరం పడలేదు."

"అయితే మిగిలినట్టేగా. ఇచ్చేయండి."

"ఇస్తాలే. బొమ్మలిచ్చేటప్పుడు ఇస్తా."

బొమ్మలు ఇచ్చేటప్పుడు మేడమ్ మామూలుగా, చేతిలోని కాగితాల మీదనుంచి తల ఎత్తకుండానే అడిగింది: "రంగు సరిపోయిందా బాబాయి గారూ?"

"సరిగ్గా సరిపోయింది మేడమ్. చివరి చుక్కదాకా."

ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకునే దారి దొరకలేదు. ఇంటికి వెళ్లాక పిన్ని పెట్టె మూత తీసింది. స్పాంజి కొంచెం పైకి లేచి ఉండటం చూసి, పెట్టె మూత టప్పున వేసి వెళ్లిపోయింది. ఆ టప్పు శబ్దం ఆయన చెవుల్లో పదకొండు రోజులు ఉంది.

పన్నెండో రోజు పొద్దున్న ఎనిమిదిన్నరకు మ్యూజియంనుంచి ఫోను వచ్చింది.

"బాబాయి గారూ, ఒకసారి వెంటనే రాగలరా? పదకొండింటికి కమిటీ వస్తోంది. రంగుల పెట్టె తెచ్చుకోండి."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనను ఎక్కువ భయపెట్టింది. యజమానికి చెప్పి, పెట్టె చంకన పెట్టుకొని, తొమ్మిదింటికల్లా మ్యూజియం మెట్లెక్కాడు.

అద్దాల పెట్టె గది మధ్యలో ఉంది. ముందు అద్దం ఇంకా బిగించలేదు. ఆ అద్దం గోడకు ఆనించి ఉంది, పక్కనే అద్దాలు బిగించే మనిషి ముక్కాలి పీట మీద కూర్చొని టీ తాగుతున్నాడు. బొమ్మలను వడ్రంగి కందకం వెంబడి జిగురుతో అతికించేశాడు. బాబాయి ఇచ్చిన వరసలోనే, ఎడమనుంచి కుడికి.

"నిన్న సాయంత్రం దీపాలు పెట్టారు" అంది మేడమ్. "చూడండి." మీట నొక్కింది.

పెట్టె పైకప్పులోంచి పసుపు వెలుగు కందకం మీద పడింది. బాబాయి కళ్లు ముందు చక్రం మీదికి, తర్వాత మనుషుల మీదికి వెళ్లాయి. ఎడమవైపు ఇరవై రెండుమంది నీలం చొక్కాల్లో మట్టి తవ్వుతున్నారు. కుడివైపు పద్దెనిమిదిమంది వంకాయరంగు చొక్కాల్లో గొట్టాలు మోస్తున్నారు. మధ్యలో కత్తితో కోసినట్టు గీత.

మేడమ్ దీపం ఆర్పింది. కిటికీ వెలుగులో నలభైమందీ ఒక్కటయ్యారు. మళ్లీ వెలిగించింది. మళ్లీ విడిపోయారు.

"మేస్త్రీలు ఇద్దరా సార్?" అన్నాడు అద్దాల మనిషి సరదాగా. "రెండు కాంట్రాక్టుల మనుషుల్లా ఉన్నారు."

బాబాయి పెట్టె దగ్గరికి వంగాడు. ఏం జరిగిందో ఆయనకు అప్పటికే అర్థమైపోయింది. ఒకే దినుసుతో చేసిన నీలం, మూడు దినుసులు కలిపి చేసిన నీలం ఒక వెలుగులో కవలల్లా ఉన్నా, వెలుగు మారితే దేని పుట్టుక అది చెప్పేస్తుంది. ఈ పసుపు దీపం కింద ఊదా రెండు చుక్కలు పైకి తేలాయి. ట్యూబ్‌లైటు దగ్గర చూశాడు, ఎండలో చూశాడు. పసుపు బల్బు కింద చూడాలని తట్టలేదు. ఇంట్లో పసుపు బల్బు లేదు.

"దీపాలు మార్చడానికి వీల్లేదా మేడమ్?"

"వీల్లేదండీ. పక్కన పాత ఫొటోలున్నాయి, తెల్లవెలుగు వాటికి మంచిది కాదని ఇవి ఎంచి పెట్టించారు." ఆమె గడియారం చూసుకుంది. "కమిటీ పెద్దాయన ముప్పై ఏళ్లు పంపుహౌస్‌లో పనిచేశారు. అలాంటి చొక్కానే ఒంటిమీద వేసుకున్న మనిషి. ఆయన దేన్నైనా వదిలేస్తారేమో గానీ, ఇది వదలరు." గొంతు తగ్గించి అంది, "ఉతికి ఉతికి వెలిసిపోయాయని చెబుదామా? మీరు లాండ్రీ మనిషి. మీరు చెబితే కాదనరు."

తలుపు తెరిచి దారి చూపించినట్టు ఉంది ఆ మాట. బాబాయి నిజంగానే ఆ దారిలో రెండడుగులు వేశాడు. నలభై చొక్కాలు, కొన్ని కొత్తవి, కొన్ని పాతవి, ఎందుకు ఉండకూడదు? కానీ ఆయన కళ్లు ఇరవై మూడేళ్లుగా బట్టలను చూస్తున్న కళ్లు. నీలం వెలిస్తే భుజాల మీద వెలుస్తుంది, మెడపట్టీ దగ్గర తెల్లబడుతుంది, బూడిదరంగుకు తిరుగుతుంది. ఉతికితే ఊదారంగుకు తిరిగే నీలాన్ని ఆయన ఇంతవరకు చూడలేదు. ఆ చొక్కాను ముప్పై ఏళ్లు ఉతుక్కున్న పెద్దాయనకూ ఆ సంగతి తెలుసు.

"వెలిస్తే ఇలా వెలవదు మేడమ్" అన్నాడు. "ఎవరైనా చెప్పేస్తారు."

"మరి ఏం చేద్దాం? మళ్లీ వెయ్యడానికి రంగు లేదుగా. అయిపోయిందన్నారు."

 అద్దాల మనిషి టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు పెద్దగా వినిపించింది. బాబాయి చేతిలోని పెట్టె ఒక్కసారిగా బరువెక్కింది. ఇంటికి వెళ్లి తెస్తానని చెప్పవచ్చు. బావమరిది దగ్గర ఇంకో డబ్బా దొరికిందని చెప్పవచ్చు. ఎవరో బొమ్మలాయన దగ్గర అప్పు తెచ్చానని కూడా చెప్పవచ్చు. మూడు అబద్ధాలు మూడు వేళ్ల మీద సిద్ధంగా నిలబడ్డాయి. వాటిలో ఏది చెప్పినా గంట పోతుంది. గంట పోతే చొక్కాలు పోతాయి.

పెట్టెను బల్లమీద పెట్టి మూత తీశాడు. కుంచెలు తీసి పక్కన పెట్టాడు. స్పాంజి ఎత్తాడు. సీసా తీసి, ఆమె వైపు చూడకుండా, సీలును గోటితో లాగాడు. టక్కుమని ఊడింది.

"అరె, కొత్తదే!" అన్నాడు అద్దాల మనిషి.

మేడమ్ ఆ సీసాను చూసింది. ఊడిన సీలు ముక్కను చూసింది. ఆ ముక్కను వేలితో బల్ల అంచుకు నెట్టింది. బాబాయికి అప్పుడు ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

"గంటా ఇరవై నిమిషాలు ఇవ్వండి మేడమ్" అన్నాడు.

"అంతే తీసుకోండి. పదీ నలభైకి అద్దం బిగించాలి."

"పదీ నలభై దాటితే నేనుండను మేడమ్" అన్నాడు అద్దాల మనిషి. "అవతల షోరూం వాడు నా ప్రాణం తీస్తాడు."

అతికించేసిన బొమ్మలకు రంగు వేయడం ఆయన ఎప్పుడూ చేయలేదు. ఇంట్లో ఒక్కో బొమ్మను సీసా మూత మీద నిలబెట్టుకొని, అటూ ఇటూ తిప్పుకుంటూ వేసేవాడు. ఇక్కడ బొమ్మ కదలదు, తనే కదలాలి. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మణికట్టును కందకం అంచుకు ఆనించి, చిటికెన వేలిని చెక్కకు తన్నిపెట్టి, కుంచెను లోపలికి చాపాడు. టిఫిన్ డబ్బాలోని కాగితం మీద ఒకేసారి పన్నెండు చుక్కలు వేశాడు. ఇంతకాలం ఏ రంగూ ఆరు చుక్కలకు మించి ఆ కాగితం మీద పడలేదు. పక్కన నీళ్ల చుక్కలు నాలుగు. వంకాయరంగు కిందినుంచి కనబడకుండా కప్పాలంటే రెండు పలుచని పూతలు వేయాలి. మందంగా ఒకే పూత వేస్తే చొక్కా ముడతలు, గుండీలు పూడిపోతాయి.

మొదటి బొమ్మ. వీపు, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మెడపట్టీ. రెండో బొమ్మ. మూడో బొమ్మ గొట్టాన్ని భుజాన వేసుకొని ఉంది, చంక కిందికి కుంచె అందాలంటే ఊపిరి పూర్తిగా ఆపాలి. నాలుగు, ఐదు. చెమట కనుబొమ్మల దగ్గర ఆగి జారడానికి చూస్తోంది. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే మణికట్టు చోటు తప్పుతుంది. మేడమ్ ఒక అట్ట తీసుకొని పక్కన నిలబడింది. అద్దాల మనిషి టేబుల్ ఫ్యాను తెచ్చి నేలమీద పెట్టాడు.

"అట్ట అడ్డం పెట్టండి మేడమ్" అన్నాడు బాబాయి తల తిప్పకుండా. "గాలి బొమ్మల మీద పడాలి, నా కుంచె మీద కాదు."

ఆమె అట్టను వంచి పట్టుకుంది. ఆమె చేతులు ఆయన చెవికి జానెడు దూరంలో ఉన్నాయి. ఆ చేతుల్లో ఏ కదలికా లేదు.

ఎనిమిదో బొమ్మ దగ్గర కుంచె జారింది. నీలం చుక్క ఒక కార్మికుడి చెంప మీద పడింది.  బాబాయి వేళ్లు అలవాటుకొద్దీ కదిలాయి. మరక పడ్డ మొదటి అరనిమిషమే మరకల మనిషి సొత్తు. ఇంకో కుంచెను నీళ్లలో ముంచి, రుమాలుకు అద్ది, చెమ్మగా ఉన్న మొనతో ఆ చుక్కను చెంపమీదనుంచి ఎత్తి తీసేశాడు. రుద్దలేదు, ఎత్తాడు. చెంప మళ్లీ చెంపయింది.

"మీరు సర్కస్‌లో ఉండాల్సిన మనిషి సార్" అన్నాడు అద్దాల మనిషి. బాబాయి తర్వాతి బొమ్మకు వెళ్లాడు.

పదీ పదికి పద్దెనిమిదిమందికీ మొదటి పూత పూర్తయింది. పసుపు వెలుగులో ఊదా ఇంకా లోపలినుంచి తొంగిచూస్తోంది. రెండో పూత మొదలుపెట్టాడు. మోకాళ్లు తిమ్మిరెక్కి తనవి కాకుండా పోయాయి. పదీ ముప్పై ఐదుకు పదిహేడోవాడు పూర్తయ్యాడు. పద్దెనిమిదోవాడు ఇనుప చక్రం వెనక, దాదాపు గోడకు ఆనుకొని వంగి ఉన్నాడు. రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ కుంచె పిడి చక్రం ఆకులకు తగిలింది. మొదటి పూతప్పుడు ఎలా అందిందో ఇప్పుడు గుర్తులేదు.

"సార్" అన్నాడు అద్దాల మనిషి, చేతులకు గుడ్డ చుట్టుకొని నిలబడి. "ఇంక బిగించాలి."

బాబాయి కుంచె వెనక్కి తీశాడు. చక్రం వెనక ఆ ఒక్క చొక్కా, తేరిపార చూస్తే, మిగతావాటికంటే పిసరంత ముదురు. "బిగించు" అన్నాడు.

పదకొండింటికి కమిటీ వచ్చింది. నలుగురు మాట్లాడుకుంటూ వెనక ఉండిపోయారు. పెద్దాయన ఒక్కడే చేతికర్ర ఊనుకుంటూ సూటిగా అద్దం దగ్గరికి వచ్చి, లావు కళ్లద్దాలు పైకి నెట్టుకొని వంగాడు. ఎడమనుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్కరినీ చూస్తూ, పెదవులు కదుపుతూ, లెక్కపెడుతున్నట్టు కుడివైపు జరిగాడు. చక్రం దగ్గర ఆగాడు. బాబాయి చేతుల్లోని రుమాలు తాడులా మెలితిరిగింది.

"అబద్ధం" అన్నాడు పెద్దాయన.

మేడమ్ ఒక అడుగు ముందుకు వేసింది. "ఏమిటండీ?"

"మా చొక్కాలు ఇంత శుభ్రంగా ఎప్పుడున్నాయమ్మా? కొత్త చొక్కాలు పంచిన రోజన్నా అయ్యుండాలి, ఫొటోకి నిలబెట్టిన రోజన్నా అయ్యుండాలి." నవ్వేసరికి ఆయనకు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక అద్దం మీద వేలు పెట్టాడు. "రంగు మాత్రం ఇదే. ఇదే రంగు. నా పెళ్లిచూపులకి కూడా ఇదేసుకునే పోయాను, ఇంకోటి లేక. ఎవరు వేశారు?"

మేడమ్ బాబాయి వైపు చూపించింది. పెద్దాయన ఆయన భుజం తట్టి, "కూర్చోవయ్యా, మోకాళ్లు వణుకుతున్నాయి" అని ముందుకు వెళ్లిపోయాడు. పెట్టె అక్కడే ఉంటుందని ఆ మధ్యాహ్నమే సంతకాలయ్యాయి.

అందరూ వెళ్లాక బాబాయి కుంచెలు కడిగి, పెట్టె సర్దాడు. సీసా మాత్రం బల్లమీదే వదిలాడు. అడుగున పావు వంతు ఇంకా ఉంది.

"మేడమ్, అది ఇద్దామనే అనుకున్నా" అని మొదలుపెట్టి, ఆ మాటలో తనకే నమ్మకం కలగక ఆగిపోయాడు. "అనుకోలేదు. ఉంచుకుందామనే అనుకున్నా. తప్పు."

ఆమె సీసా మూత బిగించి, సొరుగులో పెట్టి, తాళం వేసింది. "చివరి చుక్కదాకా అన్నారు" అంది మెల్లగా. "అడిగితే ఇచ్చేదాన్నండీ. నిజంగా ఇచ్చేదాన్ని."

ఆయన తిట్టు కోసం ఎదురుచూశాడు, ఇది వచ్చింది. పెట్టె ఎత్తుకున్నాడు.

ఇంటికి వెళ్లి పిన్నికి జరిగినదంతా చెప్పాడు, ఏదీ దాచకుండా. ఆమె మిషన్ ఆపి వింది.

"ఇంక పిలవరు" అన్నాడు చివర.

"పిలవకపోతే పిలవరు. పని బాగుందని పెట్టుకున్నారు, మీరు బాగున్నారని కాదుగా" అని మళ్లీ చక్రం తిప్పింది. కాసేపయ్యాక, కుట్టు మీదనుంచి కళ్లు ఎత్తకుండానే అంది: "సీసా ఇచ్చేశారు కదా. అన్నం తినండి."

మూడు వారాల తర్వాత పిలుపొచ్చింది. రెండో అద్దాల పెట్టె, వీధి కుళాయి దగ్గర బిందెలతో బారులు తీరిన ఆడవాళ్లు, అరవైమంది. కాకపోతే ఈసారి బొమ్మలు ఇంటికి ఇవ్వరు. మ్యూజియంలోనే ఒక చిన్న గది, పసుపు దీపం, బల్ల. ఆదివారాలు అక్కడికే వచ్చి వేయాలి. రంగు కావలసినంత తనే పోసిస్తానంది మేడమ్. సీసాలు ఆమె సొరుగులోనే ఉంటాయి.

బావమరిది ఆ సంగతి విని, "అంటే బావా, నిన్ను కాపలా పెట్టి పని చేయించుకుంటారా? పోకు" అన్నాడు.

"పోతానురా" అన్నాడు బాబాయి. "వాళ్లకా హక్కుంది."

ఇప్పుడు ప్రతి ఆదివారం తొమ్మిదింటికి ఆయన ఆ గదిలో ఉంటాడు. టిఫిన్ డబ్బా ముందుకు చాపుతాడు, మేడమ్ చుక్కలు వేస్తుంది. ఎరుపు నాలుగు, పసుపు మూడు. ఎక్కువ వేస్తే "చాలండీ" అంటాడు, తక్కువైతే మళ్లీ వెళ్లి అడుగుతాడు. అడగడం మొదట్లో చాలా కష్టమైంది, ఇప్పుడు కొంచెం తగ్గింది. సాయంత్రం పని ముగించి బయల్దేరే ముందు ఆమె గది గుమ్మం దగ్గర ఆగి, డబ్బా మూత తీసి, స్పాంజిని ఎత్తి, అడుగు కనిపించేలా పట్టుకుంటాడు. అలా చూపించమని ఆమె ఎప్పుడూ అడగలేదు. చూపించినప్పుడు కూడా డబ్బాలోకి చూడదు, "వచ్చే ఆదివారం కలుద్దామండీ" అంటుంది. ఆయన మాత్రం మూత తీయడం మానలేదు.